వేలాడే తాటిచెట్టు

మా చర్చి నూరేళ్ల పండగ నాడు గుడి వరండాలో పుష్పకుమారి మా ఆయన్ని అందరి ముందరా ఓడగొట్టింది. నేను పక్కనే ఉన్నాను. ఊరికే ఉండడం కాదు, ఆ ఓటమికి సాక్ష్యం చెప్పింది కూడా నేనే. అదీ నా కడుపుమంట.

సంఘం పుట్టి నూరేళ్లయిందని ఇంటికొక పాత వస్తువు తెచ్చి పెట్టమన్నారు. వరండాలో రెండు బల్లలు జోడించి తెల్లదుప్పటి పరిచినారు. ఒకరు తెల్లదొరసాని ఇచ్చిన కుట్టుమిషను తెచ్చినారు, ఒకరు అద్దం పగిలిన లాంతరు తెచ్చినారు. నడిమధ్యన ప్రభు బల్ల గిన్నె పెట్టినారు. ఆరాధనలో అందరికీ ద్రాక్షరసం ఇచ్చే పొడుగు కాలున్న వెండి గిన్నె అది. దాని పక్కన మా ఆయన కృపాదానం మా ఇంటి వెండి చెంబు పెట్టి, ముందర ఒక అట్టముక్క నిలబెట్టినాడు. "నతనయేలు మేస్త్రి చేసిన చెంబు" అని దాని మీద ఎర్ర ఇంకుతో రాయించినాడు.

నతనయేలు అంటే పుష్పకుమారికి తాత, నాయనకు నాయన. మా పాళెంలో వెండిపని చేసిన కిరస్తానీ ఆయనొక్కడే. ఆయన చెయ్యి పడిన ప్రతి సరుకు మీదా బియ్యపుగింజంత తాటిచెట్టు ముద్ర ఉంటుంది. సన్నటి మాను, దాని కొసన మూడు ఆకులు. మా చెంబు మీద ఆ చెట్టు ఉంది. మా అత్తగారి అత్తగారి పెళ్లికి నతనయేలు చేసిచ్చినాడని మా ఇంట్లో అందరూ అనేవాళ్లు. నేనూ ఊరంతా చెప్పుకున్నాను. చెప్పుకోను మరి? మా ఇంట్లో ఇంకేముంది చెప్పుకోడానికి, పగిలిన పెంకులా?

పుష్పకుమారి వచ్చింది. కళ్లజోడు నుదుటి మీదికి తోసి, చెంబు ఎత్తి అటూ ఇటూ తిప్పి, దించి పెట్టి, అట్టముక్కను బోర్లా పడేసింది.

"ఇది మా తాత చేసింది కాదు కృపాదానం" అంది.

"చెట్టు కనపడలా నీకు?" అన్నాడు మా ఆయన.

"కనపడింది గనకే చెప్తా ఉండా. చెట్టు వేలాడతా ఉంది చూడు."

జనం మూగినారు. పలారాల దగ్గర ఉన్నవాళ్లు కూడా ఆకులు పట్టుకోని వచ్చేసినారు. పుష్పకుమారికి అట్లాంటి జనం కావాల. గొంతు పెంచింది.

"మా తాత సొంతంగా చేసిన సరుక్కి చెట్టు నిలబెట్టి కొడతాడు. చెంబు నేల మీద ఎట్లా నిలబడితే చెట్టూ అట్లా నిలబడి ఉంటుంది. ఇంకొకరు చేసింది ఊడిపోయి వస్తే అతికిచ్చి, చెట్టు తలకిందులుగా కొడతాడు. చేసినవాడి పేరు తాను మింగకూడదని ఆయన పద్ధతి. మీ చెంబు ఏ సంతలో కొన్నదో. అడుగు ఊడితే ఆయన అతికినాడు. అంతవరకే."

"మీ తాత నీకు కల్లోకొచ్చి చెప్పినాడా ఈ పద్ధతి?" అన్నాడు మా ఆయన. నలుగురు నవ్వినారు.

"మా నాయన మెలకువలో చెప్పినాడు. కలలు కనేది మీ ఇంట్లో."

ఈ మాటకు ఇంకా ఎక్కువ మంది నవ్వినారు. ఆమె ఊరుకుందా? గుడిలోంచి కొవ్వొత్తి తెప్పించింది. చెంబు మీది ముద్రకు కొవ్వొత్తి మసి పట్టించి, దాని మీద అంటుకునే టేపు వేసి నొక్కి, మెల్లగా లాగి తెల్లకాగితానికి అంటించింది. ఆమె పనంతా ఇంతే, ఈ మసీ ఈ టేపూ. కాగితం మీద తాటిచెట్టు పడింది. ఆకులు కిందికి ఉన్నాయి.

మా ఆయన తెలివిగా ఒక మాట అడిగినాడు. ఆయన జీవితంలో తెలివిగా అడిగిన మాట అదొక్కటేనేమో.

"సరే పుష్పమ్మా. మరి ఈ గిన్నె సంగతేంది? గిన్నె మీ తాత చేసినాడని చిన్నప్పటి నుంచి మా బుర్రలు తినేస్తా ఉండావు. దాని మీద చెట్టు అరిగిపోయి ఉత్త గీత మిగిలింది. అది నిలబడిందో వేలాడిందో నువ్వెట్ట చెప్తావు?"

"అరగకముందు మా నాయన చూసినాడు. గిన్నె మా తాతదే. గిన్నె జోలికి రాబాక. నీ చెంబులో చెయ్యి పెట్టి చూడు. అతుకు వేసిన చోట అడుగు చుట్టూ గోటికి తగిలే గీత ఉంటుంది. గీత లేకపోతే నీ చెంబు నెత్తిన పెట్టుకోని పాళెం అంతా తిరుగుతా."

మా ఆయన అరచెయ్యి చేటంత. చెంబు మెడలో దూరలేదు. నా వైపు చూసినాడు. "నువ్వు పెట్టు ఏసుమణీ" అన్నాడు.

నేను చెయ్యి పెట్టినాను. గోరు ఆడించినాను. అడుగు చుట్టూ గరుకుగా, సన్నంగా, గీత తగిలింది.

"ఉందా?" అంది పుష్పకుమారి.

మా ఆయన నా కళ్లల్లోకి చూస్తా ఉన్నాడు. ఆయన ఏం అడుగుతున్నాడో నాకు తెలుసు. ముప్పావు పాళెం నా నోటి వైపు చూస్తా ఉంది.

"ఉంది" అన్నాను.

మా ఆయన చెంబు తీసి తువాల్లో చుట్టుకోని ఇంటికి పోయినాడు, పలారం కూడా తినకుండా. ఆ చెంబు మళ్లీ బయటికి తీయలేదు. ఆ సంగతి మళ్లీ ఎత్తకుండానే పోయినాడు మనిషి. పుష్పకుమారి మాత్రం ఆ పొద్దు రెండాకుల పలారం తినింది. నేను చూసినాను.

ఇదీ పుష్పకుమారి. ఆమె గురించి మంచిగా నాలుగు ముక్కలు కావాలంటే ఇంకెవరినన్నా అడగండి. నాకు తెలిసింది ఇట్లాంటిదే.

వాళ్ల నాయనకు మగబిడ్డల్లేరు. ఆడపిల్ల చేతికి సుత్తి ఇవ్వడం ఆ రోజుల్లో లేదు, కుంపటి దగ్గర కూర్చోనిచ్చింది లేదు. కానీ కంటికి మాత్రం పని పెట్టినాడు. కరిగించడానికి ఎవరన్నా పాత వెండి తెస్తే ముందు దాన్ని కూతురికిచ్చి, "ఎవరి చేతిదో చెప్పు" అనేవాడంట. ఆ ఇంట్లో ఇంకొక పద్ధతి ఉంది. ఏ సరుకైనా మూసలో వేసేముందు దాన్ని చేసినవాడి పేరు ఒకసారి పైకి పలకాల. పేరు తెలియకపోతే ముద్ర ఏందో చెప్పాల. శంఖం వాడిది, రెండు చుక్కల వాడిది, అని. చెప్పకుండా కరిగిస్తే మనిషిని పేరు లేకుండా పూడ్చినట్టని ఆ తాత అనేవాడంట. పిచ్చి ముదిరితే ఇట్లాంటివన్నీ పుట్టుకొస్తాయి.

అట్లా చిన్నప్పటి నుంచి ముద్రలు చూసి చూసి పుష్పకుమారికి కళ్లు అక్కడే అతుక్కుపోయినాయి. మనుషుల మొహాలు చూడడం మాత్రం నేర్చుకోలేదు. గూడూరుకు కాపురానికి పంపితే, అత్తగారు చుట్టాల ముందర తన మద్రాసు వెండి కంచాలు పరిచి భోజనాలు పెట్టిందంట. కొత్తకోడలు వడ్డిస్తా వడ్డిస్తా ఒక కంచం ఎత్తి వెనక చూసి, "ఇది వెండి కాదు అత్తా, జర్మన్ సిల్వర్. ముద్ర కూడా దొంగదే" అందంట. చుట్టాల ముందర! సాంబారు వడ్డించకముందే! ఆ కాపురం ఏడాది కూడా నిలబడలేదు. మొగుడు వదిలేసినాడని కొందరంటారు, తానే వచ్చేసిందని ఆమె అంటుంది. నేనైతే ఆ అత్తగారి పక్షం.

తిరిగొచ్చినాక ఊరికే ఇంట్లో కూర్చోలేదు, అది మాత్రం ఒప్పుకోవాల. నాయుడుపేటలో తాకట్టు సేటు కొట్లో చేరింది. తెల్లారి వెంకటాచలం దాకా పోర్టు కంపెనీ వ్యానులో ఎవరినో బతిమాలి పోవడం, అక్కణ్ణుంచి హైవే మీద బస్సెక్కడం. బతిమాలడం అన్నాను గానీ అదీ దబాయింపే. "పక్కకు జరుగబ్బా, ఆడమనిషి నిలబడి ఉంటే కనపడలా?" అని ఎక్కేసేది. సేటు కొట్టుకు చుట్టుపక్కల పల్లెల నుంచి పాత వెండి వచ్చేది. కుంకుమభరిణెలు, మొలతాళ్లు, కాలి కడియాలు, పన్నీరు బుడ్లు. సేటుకు అన్నీ తూకమే. ఈమె మాత్రం ఒక్కొక్కటీ ఎత్తి, మసి పట్టించి, టేపు లాగి, ఏది కరగాలో ఏది మద్రాసు నుంచి పాతవస్తువుల కోసం వచ్చే బేరగాళ్లకు దాచాలో తేల్చేది. కరగాల్సినవి మూస దగ్గరికి పోయేముందు పేరు పలికేది. "శంఖం మేస్త్రి, పోయి రా" అనేదంట. సేటు అది విని నవ్వుకునేవాడని చెప్పేవాళ్లు.

ఆ జ్ఞానమంతా నా నెత్తిన కూడా పోసింది, నేను అడక్కపోయినా. గుడి ఆడవాళ్లం కూడే స్త్రీల మైత్రిలో పాట నేర్పాల్సిన చోట ముద్రల పాఠం చెప్పేది. మద్రాసు పెద్ద కొట్లవాళ్లు ఇంగ్లీషు అక్షరాలు పొడుగ్గా కొడతారంట. ఇంగ్లీషు సీమ సరుకైతే చిన్నచిన్న గళ్లల్లో వరసగా బొమ్మలుంటాయంట. నడుస్తున్న సింహం ఉంటే అసలైన వెండి, లంగరు ఉంటే సీమలో ఫలానా ఊరిది, చేసినవాడివి రెండక్షరాలు. మేము మూడో తరగతి చదివి గేదెలు తోలుకున్నోళ్లం, మాకెందుకు సింహం లంగరూ? ఐనా అంతసేపు చెబితే బుర్రకెక్కకుండా ఉంటుందా.

ఇక గిన్నె సంగతి. ప్రభు బల్ల గిన్నె ఇక్కడ సంఘం పెట్టిన తెల్లదొర సీమ నుంచి తెచ్చినాడని మా పెద్దలు చెప్పేవాళ్లు. పుష్పకుమారి మాత్రం అది తన తాత ఇక్కడే, ఈ పాళెంలోనే, తాటాకు పందిట్లో కూర్చోని చేసినాడనేది. గిన్నె కాలు మధ్యన రెండు వేళ్ల వెడల్పు వెండి పట్టీ ఒకటి ఉంది. తాటిచెట్టు ఆ పట్టీ మీదే ఉండేది. తాత గిన్నె కాబట్టి కడిగే హక్కు కూడా తనదేనని లాక్కుంది. మిగతా ఆడవాళ్లం పళ్లేలు కడిగేవాళ్లం, గిన్నె ముట్టుకోనిచ్చేది కాదు. చింతపండు పెడితే గీతలు పడతాయి, పళ్లపొడి పెడితే అరుగుతుంది అని మా మీద అరిచేది. తాను కుంకుడు రసంతో, మెత్తటి పాత పంచె ముక్కతో తుడిచేది.

కానీ ఆరాధన అయినాక ప్రతి ఆదివారం సండేస్కూలు పిల్లల్ని పిలిచి గిన్నె చూపించేది. "ఇదిగో, మా తాత చెట్టు" అని బొటనవేలితో తాటిచెట్టును రుద్ది మెరిపించి చూపించేది. ఎవరూ అడగకపోయినా రుద్దేది. ఉప్పుగాలికి వెండి నల్లబడుతుంది గదా, అందుకని ఇంకా గట్టిగా రుద్దేది. చింతపండు తినని చెట్టును ఆమె బొటనవేలు తినేసింది. ఆమె చెయ్యి పడే నాటికే ఆకులు ఆనవాలు పట్టనంత అరిగి ఉన్నాయి, ఆమె రుద్దుడుకు కొసలు రెండూ ఒకటే మాదిరి అయిపోయినాయి. చివరికి ఉత్త గీత. ఒకసారి నేను అన్నాను, "అక్కా, చెట్టును అరగదీసింది నువ్వే" అని. "నా తాత చెట్టు, నా ఇష్టం. నువ్వు పళ్లేలు కడుక్కో పో" అంది.

ఎందుకు అంత పట్టుదల అంటే, నతనయేలు చేసినవి ఇంకేమీ మిగల్లేదు. కరువు వచ్చినప్పుడు కొన్ని కరిగినాయి, పెళ్లిళ్లకు కొత్త ఫ్యాషన్లు కావాల్సి వచ్చినప్పుడు కొన్ని కరిగినాయి. నిలబడిన తాటిచెట్టు ఉన్న చెంబులు, గిన్నెలు సేటు కొట్టుకు కూడా వచ్చినాయి. సేటు దాచడానికి ఒప్పుకోలేదు. తన తాత చేతి సరుకు ఈమె తన చేత్తోనే మూసకు ఇచ్చింది, "నతనయేలు, పోయి రా" అని చెప్పి మరీ. ఆఖరిది పోయినాక ఆ పూట అన్నం తినలేదని వాళ్ల చెల్లెలు వినీల చెప్పింది. ఇక ఆయన చేసింది అని చూపించడానికి ఈ గిన్నె ఒక్కటే. అది కూడా దొరకు ఇచ్చేస్తే నతనయేలు అనేవాడు పుట్టనట్టే.

ఇది తెలిసీ నాకు జాలి పుట్టలేదు. మా చెంబు విషయంలో ఆమెకు పుట్టిందా?

రూఫస్ అయ్యగారు మా సంఘానికి పాస్టరుగా కొత్తగా వచ్చినారు. కుర్రాయన, మెత్తటి మనిషి, ఎవరు ఏం చెప్పినా "దేవునికి స్తోత్రం" అంటారు. అట్లాంటి మనిషి దొరికితే పుష్పకుమారి వదుల్తుందా? మందిరం గోడకు తాత పేరు చెక్కిన రాయి పెట్టించాలని పట్టుకుంది. బాప్తిస్మాల రోజు పట్టుకుంది, సమాధుల దొడ్డిలో పట్టుకుంది, ఆయన బిడ్డ పుట్టినరోజు కేకు కోస్తా ఉంటే పట్టుకుంది. పెద్దలు ఒప్పుకోలేదు. దొర తెచ్చిందని వినుకుంటా పెరిగినామే, ఇప్పుడు రాయి ఎట్లా పెడతాము అన్నారు. "దొర తెచ్చినాడని రాసిన కాగితం చూపించండి" అందామె. పెద్దల దగ్గర కాగితం లేదు. ఆమె దగ్గరా లేదు, కానీ ఆమెకు నోరుంది. చివరికి నల్లరాయి మీద చెక్కించినారు: "ఈ గిన్నెను ఈ పాళెం బిడ్డ నతనయేలు మేస్త్రి చేసెను." కిటికీ పక్కన గోడలో అతికించి, దాని మీద ఎర్రగుడ్డ కప్పినారు. ఆదివారం నాడు గుడ్డ తీయాల. నాయుడుపేట నుంచి కొత్త చీర కూడా తెచ్చుకుందామె, పసుప్పచ్చది. ఆ వయసులో పసుప్పచ్చ!

గుడ్డ తీయాల్సిన ముందురోజు, శనివారం మధ్యాహ్నం, బల్ల సామాను కడగడానికి గుడి వెనక గదిలో మేమిద్దరమే ఉన్నాము. మిగతా ఆడవాళ్లు వంట దగ్గరికి పోయినారు. నేను పళ్లేలు కడుగుతా ఉన్నాను. ఆమె గిన్నె కడుగుతా ఉంది. ఆమెకు చేతులు వణకడం మొదలై చాలా కాలమైంది, ఎవరన్నా అడిగితే "చలి" అంటుంది. ఎండాకాలం కూడా చలే.

"ఇటియ్యి అక్కా, నేను పట్టుకుంటా" అన్నాను.

"నీ చేతులకు మా గిన్నె అలవాటు లేదులే."

ఆ మాట నోట్లో ఉండంగానే కుంకుడు నురగలోంచి గిన్నె జారింది. రాతి గడప మీద పడి టంగుమని మోగి, దొర్లి నా కాళ్ల దగ్గరికొచ్చింది. గిన్నెకు ఏమీ కాలేదు. కానీ కాలు మధ్యలో ఉన్న పట్టీ అతుకు విడి, ఊడి పక్కన పడింది. పట్టీ లోపల నల్లటి లక్క, పాతబడి పొడిపొడిగా రాలింది.

పుష్పకుమారి పట్టీని ఎత్తుకోని కిటికీ దగ్గరికి పోయింది. కొంగుతో లక్క పొడి తుడిచింది. కళ్లజోడు పైకి తోసి, లోపలి వైపు చూసింది. తిప్పి మళ్లీ చూసింది. 

నేను కూడా పోయి చూసినాను. ఎందుకు చూడను? పట్టీ పలచటి రేకు. బయటి నుంచి ముద్ర కొడితే లోపలి వైపు ఉబ్బు వస్తుంది. బయటి చెట్టును ఆమె బొటనవేలు తినేసింది గానీ లోపలి దాని దగ్గరికి ఎవరి వేలూ పోలేదు. అక్కడ తాటిచెట్టు నిన్న కొట్టినట్టు ఉంది. మూడు ఆకులు, గీత గీతా వేరేగా. పట్టీ కిందివైపు వెడల్పు, పైవైపు సన్నం, కాబట్టి ఏది పైనో ఏది కిందో తికమక లేదు. ఆకులు కిందికి ఉన్నాయి.

"వేలాడతా ఉందక్కా" అన్నాను.

ఆమె గిన్నె ఎత్తి కాలు చూసింది. పట్టీ ఇన్నాళ్లూ కప్పిన చోట అడ్డంగా ఒక పగులు. పగులు కింద గళ్లల్లో వరసగా చిన్న బొమ్మలు. నడుస్తున్న సింహం. లంగరు. పక్కన రెండు ఇంగ్లీషు అక్షరాలు. నేను ఇంగ్లీషు చదవలేను గానీ సింహాన్ని సింహమని చెప్పలేనంత గుడ్డిదాన్ని కాదు. దొర తెచ్చిన గిన్నె కాలు విరిగితే, నతనయేలు పట్టీ వేసి అతికి, తన పద్ధతి ప్రకారం చెట్టును తలకిందులుగా కొట్టినాడు. అబద్ధం ఆడింది ఆయన కాదు.

పుష్పకుమారి కొవ్వొత్తి వెలిగించింది. ఇంకా నమ్మకం కుదరలేదేమో. పట్టీ లోపల మసి పట్టించి, టేపు వేసి లాగింది. రెండుసార్లు చెడిపోయింది. తరవాత కాగితానికి అంటించి, పట్టీ పక్కన పెట్టి, ఎటు పైనో సరిచూసుకుంది. వేలాడే చెట్టే.

"మా ఆయన అడిగినాడు, గుర్తుందా?" అన్నాను. "నిలబడిందో వేలాడిందో నువ్వెట్ట చెప్తావు అని. గిన్నె జోలికి రాబాక అన్నావు."

"గుర్తుంది."

"మీ నాయన చూసినాడన్నావు."

"మా నాయన చూడలా" అంది. "నేను పుట్టకముందే అది సగం అరిగి ఉన్నింది. నిలబడిందనే మా నాయన అనుకునేవాడు. ఆయన అనుకున్నదాన్ని నేను చూసినాడని చెప్పినా."

గోడకు ఆనుకోని కింద కూర్చుంది. పట్టీని గిన్నె కాలుకు తొడిగి చూసింది. సరిగ్గా కూర్చుంది.

"లక్క వేడి చేసి తొడిగితే మళ్లీ ఎవరికీ తెలవదు" అంది.

"నాకు తెలుసు."

"నీకు తెలుసు. నువ్వు చెబితే ఎవరు నమ్ముతారు? చెంబు పగ తీర్చుకుంటా ఉందంటారు."

"అంటే అననీ. గిన్నె తీసి చూపిస్తా అందరికీ."

"చూపిస్తావు. నువ్వు చూపించే రకమే" అంది. తిట్టినట్టే అంది.  బయట వంట దగ్గర గరిటెల చప్పుడు వినపడతా ఉంది. రాయి మీది ఎర్రగుడ్డ కిటికీలోంచి గాలికి కదులుతా ఉంది.

ఆమె పట్టీ మళ్లీ బయటికి తీసింది. గిన్నె కాలు వెలుతురుకు పెట్టి, ఆ రెండక్షరాలు గట్టిగా పైకి చదివింది. సేటు కొట్లో మూస ముందర చదివినట్టు. "చేసింది ఈ రెండక్షరాల వాడు. పేరు తెలవదు" అంది. తరవాత, "అతికింది నతనయేలు" అంది. గిన్నె పక్కన పెట్టి కొంగుతో ముక్కు తుడుచుకుంది. ఏడ్చిందని నేను రాయను. ఏడిస్తే రాసేదాన్నే.

"ఏసుమణీ, రేపు గుడ్డ తీయకముందు నువ్వు లేచి చెప్పాల" అంది.

"నేనా? నీ నోరేమైంది? పాళెం మొత్తానికీ సరిపోయే నోరు గదా."

"నా నోటితో చెబితే, ఎంత నిజాయితీ, ఎంత భక్తి అని మెచ్చుకుంటారు. ఆ మెచ్చుకోలు నేను తట్టుకోలేను. అయ్యగారి చేత చెప్పిస్తే, అతికినవాడు కూడా దేవుని పనివాడే అని అరగంట ప్రసంగం చేస్తాడు. తేనె పూసి చెప్తాడు. తేనె నాకొద్దు. రాయి పీకేయాల, అంతే."

"నాకేం పట్టింది? నువ్వు మా ఆయన్ని నలుగురిలో నిలబెట్టినప్పుడు నీకు ఎవరన్నా అడ్డమొచ్చినారా?"

"రాలా. అందుకే నిన్ను అడుగుతా ఉండా. ఆ రోజు నీ మొగుడు నీ కళ్లల్లోకి చూస్తా ఉండంగా గీత ఉందని చెప్పినదానివి. లేదని చెప్పినా నేను చెయ్యి పెట్టి చూసేదాన్ని కాదు. నా చెయ్యి కూడా ఆ మెడలో దూరదు. అది నీకు తెలుసు, నాకూ తెలుసు."

అది నిజమే. ఆమె చేతులు కూడా చేటలే. అందరి ముందరా నేను ఒక్క మాట మార్చి ఉంటే మా చెంబు ఇప్పటికీ నతనయేలు చేసిన చెంబే.

"చెప్తాను" అన్నాను. "మెత్తగా మాత్రం చెప్పను."

"మెత్తగా చెబితే నేనే లేచి నీ నోరు మూయిస్తా."

గిన్నెను పంచె ముక్కలో చుట్టి, పట్టీని విడిగా నా చేతిలో పెట్టింది. ఆమె ఆ గిన్నెకు సంబంధించింది ఏదన్నా నా చేతికివ్వడం అదే మొదలు. నేను గడప దాటంగా వెనక నుంచి పిలిచింది.

"ఏమే, ఇంకొకటి. మీ చెంబు తీసుకోనిరా. రేపు గిన్నె పక్కన పెట్టు. పెట్టేటప్పుడు చెట్టు జనం వైపుకు తిప్పి పెట్టు."